పెట్టెకో రోజు

జులై 11

వెనక తొట్టి ఉన్న యూట్ బండి తలుపు తీస్తే సందులో ఒక చీటీ అంటించి ఉంటుంది. బండి ఎంత మోయగలదో అందులో రాసి ఉంటుంది. నూటికి తొంభై మంది బండి కొన్నరోజు నుంచి అమ్మేసే రోజు దాకా ఆ చీటీ వంక చూడనే చూడరు. నేను ఇవాళ కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాను. మా కమిన్స్ ఊళ్ళో గోధుమలు నిలవచేసే సైలోల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు కాటా చూసినవాణ్ణి. కమాన్ పట్టీలు ఎంత వంగాయో చూసి, లారీ కాటా ప్లేటు ఎక్కకముందే "దించుకుని రా" అనేవాణ్ణి. అలాంటివాడు తన బండిని తూకం వేయకుండా రోడ్డెక్కితే ఊరంతా నవ్వుతుంది.

మా ఆవిడ కోరల్ ప్రయాణం పోదామంటోంది. నలర్‌బార్ మైదానంలో, రైలు పట్టాల పక్కన, తను పుట్టిన హార్‌గ్రేవ్ సైడింగ్‌కి. వాళ్ళ నాన్న అక్కడ పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేశాడు. వాళ్ళమ్మ సమాధి అక్కడే ఉంది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారీ అడగలేదు. పోయిన వారం కూరగాయలు తరుగుతూ అడిగింది.

కాదనడానికి కారణం వెతికాను. బరువు దొరికింది.

రోజుకు నాలుగుసార్లు ఆమె కడుపులోకి రెండు లీటర్ల డయాలిసిస్ నీళ్ళ సంచి ఎక్కాలి, పాత నీళ్ళు దిగాలి. నాలుగు సంచులకు ఒక అట్టపెట్టె. పెట్టె పదకొండు కిలోలు. పెట్టెకో రోజు. పెట్టెలు ఆగిపోతే బతికేది వారం, మహా అయితే పది రోజులని నర్సు జోసెఫా నాలుగేళ్ళ కిందటే చెప్పేసింది.

ఆమె ఒంటికి రోజుకు నూరు కిలోమీటర్ల కంటే కుదరదు. వెళ్ళడానికి ఎనిమిది రోజులు, అక్కడ పది, రావడానికి ఎనిమిది. దారిలో ఏమైనా అయితే మరో పది. ముప్ఫై ఆరు పెట్టెలు. యూట్ వెనక తొట్టిలో మేం పడుకునే క్యాంపర్ గది కూర్చున్నాక ఇక అక్కడ చోటూ లేదు, దానికి మోసే ఓపికా లేదు. పెట్టెలన్నీ ట్రైలర్‌లో పోవాలి. ట్రైలర్ తన సొంత బరువుతో కలిపి ఏడువందల యాభై దాటకూడదు.

జులై 13

కాగితం మీద లెక్క వేస్తే ట్రైలర్ ఎనిమిది వందల ఇరవై వచ్చింది. యూట్ కూడా అరవై ఎక్కువ.

జులై 14

మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

జులై 19

స్నానాలగదిలోని తూకం మిషన్ని గ్యారేజీకి తెచ్చి ఒక్కొక్క సామానూ పెట్టి తూచాను. కోరల్ గుమ్మంలో కుర్చీ వేసుకుని తమాషా చూసింది.

"ఆ గొడుగుపందిరి ఎందుకు? అక్కడ ఎవరికి చూపిద్దామని?"

"నీడకి."

"ఆగస్టులో నీడా? చలికి వణుకుతుంటే ఎండలో కూర్చుంటాంగానీ. తీసెయ్. పద్దెనిమిది కిలోలు పోయింది. ఆ పనిముట్ల పెట్టె?"

"అది లేకుండా నేను గేటు దాటను."

"సగం తీసెయ్. నీకు వాడటం వచ్చిన సగం ఉంచుకో."

నవ్వాను. నవ్వక ఏంచేస్తాం? పనిముట్లు సగం పోయాయి. జనరేటర్ పోయింది. నా చేపల గాలాలు పోయాయి. క్యాంపర్ నీళ్ళ తొట్టి ఎనభై లీటర్లు నింపకుండా నలభైతో పోదామన్నాను, అంటే నలభై కిలోలు దిగినట్టే. దాంతో యూట్ గట్టున పడింది. ట్రైలర్ ఏడువందల డెబ్భై దగ్గర మొండికేసింది.

"మనుషుల బరువు లెక్కలో వేశావా?" అంది.

"వేశాను. నాది ఎనభై ఎనిమిది. నీది యాభై ఎనిమిది."

 ఫ్రిజ్ మీద జోసెఫా అంటించిన కాగితంలో ఆమె బరువు నలభై నాలుగు అని ఉంది. ఎక్కువ వేసుకుంటే తప్పేం లేదు. లెక్క ఎప్పుడూ ఎక్కువ వైపే ఉండాలి.

జులై 27

రెండు పెట్టెలు తగ్గిస్తే అన్నీ సరిపోతాయి. దారిలో ఏమైనా అయితే అన్న పదిలోంచి. కాగితం మీద కొట్టేశాను. మళ్ళీ రాశాను. ఆమె రోజుల్ని నేను కొట్టేయడమేమిటి?

జులై 30

ట్రైలర్‌కి లోడు వేయడం ఎలాగో కోరల్‌కి చెప్పాను. బరువంతా ఇరుసు మీద పడాలి. తోక వైపు బరువైనది ఏదీ ఉండకూడదు. ఉంటే అరవై దాటగానే ట్రైలర్ కుక్కతోకలా ఊగుతుంది, ఒకసారి ఊగడం మొదలైతే బ్రేకు తొక్కినా ఆగదు, బండినే తిప్పి పడేస్తుంది. పదోవంతు బరువు మాత్రం ముందు కొక్కెం మీద ఉండాలి. కుడి ఎడమలు సమంగా ఉండాలి.

"అయ్యిందా ఉపన్యాసం?" అంది. "పెట్టెలు నేను సర్దుతాను. వాటి మీద తారీకులు ఉంటాయి, పాతవి ముందు వాడాలి. నీకు ఆ గోల తెలీదు. నువ్వు పోర్ట్ లింకన్ పోయి గ్యాస్ బండ మార్పించుకురా."

"నువ్వు పదకొండు కిలోలు ఎత్తలేవు."

"గ్లెనిస్ ఎత్తుతుంది. దానికేం, ఎద్దులా ఉంది."

గ్లెనిస్ పక్కింటామె. గొర్రెల బొచ్చు కత్తిరించి పెరిగిన మనిషి, నన్ను కూడా ఎత్తగలదు.

ఆగస్టు 1

గ్యాస్ బండకి వెళ్ళి వచ్చేసరికి ట్రైలర్ సర్దేశారు. రెండు వరసలు, మూత దాకా, టేపు వేసిన పెట్టెలు. చక్కగా సర్దారు. మూత వేసి తాళం కోరల్ తన జేబులో వేసుకుంది.

ఆగస్టు 3

సైలోల దగ్గర కాటాకి పోయాము. ఇప్పుడు అక్కడ బ్రాన్‌విన్ అనే అమ్మాయి కూర్చుంటోంది. నేను నేర్పిన పిల్లే.

"ఏం మెర్వ్, నీ లారీ ఎక్కువైతే నేనే వెనక్కి పంపాలా?" అంది.

"పంపు. నేను నీ మీద ఫిర్యాదు చేస్తాను."

ముందు యూట్, మేమిద్దరం లోపలే కూర్చుని. సరిపోయింది, పన్నెండు కిలోలు మిగిలింది. తరవాత ట్రైలర్ ఒక్కటే ప్లేటు మీద. పెట్టెలేవీ తగ్గించలేదు కనుక ఏడువందల డెబ్భై రావాలి. ఐదువందల ఇరవై ఎనిమిది వచ్చింది.

"బాగుంది," అన్నాను. "వెళ్ళొచ్చు."

బరువు రాసిన టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

స్నానాలగది మిషన్ పాడైపోయి ఉంటుంది. దాని వయసు నాకంటే ఎక్కువ. దానితో తూచిన సామాన్లన్నీ ఎక్కువ చూపించి ఉంటుంది. అంతే.

ఆగస్టు 4

బయలుదేరాం. గ్లెనిస్ గేటు దగ్గర కోరల్‌ని పట్టుకుని వదల్లేదు. ఏడ్చింది. నెల తిరక్కుండా వచ్చేవాళ్ళకి ఇంత ఏడుపెందుకో. ఆడవాళ్ళు సందు దొరికితే ఏడుస్తారు.

మొదటి పెట్టె తీశాను. "కుడి వరసలోంచి తియ్యి, పాత తారీకులు అటున్నాయి," అంది.

ఆగస్టు 5

నిలబెట్టినప్పుడు ట్రైలర్ కొంచెం కుడికి ఒరిగి ఉంది. నేల వాలు. ఇంకోచోట పెట్టాను, అక్కడా వాలే. ట్రైలర్‌లో ఉన్న నీళ్ళ డబ్బాలు మూడూ ఎడమకు జరిపాను. సమంగా నిలబడింది. కుడి వరస తీసేకొద్దీ అది తేలికవుతుంది, అప్పుడు డబ్బాలు మళ్ళీ జరపాలి. మర్చిపోకూడదు.

కోరల్ దారంతా పాటలు కూనిరాగం తీసింది. ఇలా చూసి ఏడాది దాటింది.

ఆగస్టు 6

ప్రయాణం బాగుంది.

ఆగస్టు 7

సెడూనా. ఇక్కడ ఆసుపత్రి ఉంది. పశ్చిమాన వెయ్యి కిలోమీటర్లు దాటేదాకా ఇంకొకటి లేదు. కోరల్ వేయించిన చేప తినాలంది. తినకూడదు, ఉప్పు. తింది. నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో తెలీదు.

ఆగస్టు 8

చిన్న తూకం పెట్టి కొక్కెం మీద బరువు కొలిచాను. డెబ్భై అయిదు ఉండాలి. నలభై ఎనిమిది. గాలి విపరీతంగా ఉంది. గాలికి ఆ చిన్న తూకం సరిగా చూపించదు. ఎదురుగా రోడ్ ట్రెయిన్లు, అంటే రెండు మూడు ట్రైలర్లు లాగే లారీలు, పోయినప్పుడల్లా ట్రైలర్ విదిలిస్తోంది. ఎనభై దాటడం లేదు.

ఆగస్టు 10

హైవే మీద పెట్రోలూ తిండీ దొరికే రోడ్‌హౌస్ దగ్గర ఆగాము. రేపు ఇక్కడి నుంచి ఉత్తరానికి మట్టిరోడ్డు, తొంభై కిలోమీటర్లు, రాళ్ళు. మట్టిరోడ్డు ఎక్కే ముందు లోడు సరిచూసుకోవాలని ఎవరికైనా తెలుసు. కోరల్ సాయంత్రం సంచి ఎక్కించుకుంటూ క్యాంపర్‌లో ఉంది. ఆమె కోటు జేబులోంచి తాళం తీసుకుని ట్రైలర్ తెరిచాను. ఏడు పెట్టెలు కుడి నుంచి పోయాయి, ఎడమ నుంచి కొన్ని కుడికి మారిస్తే సరిపోతుందనుకున్నాను.

ఎడమ వరసలో పై పెట్టెని పట్టుకుని ఎత్తాను. పదకొండు కిలోలకు సిద్ధపడ్డ చేతులు గడ్డం దాకా లేచిపోయాయి. పడబోయాను.

ఖాళీ. దాని కింది పెట్టె ఖాళీ. దాని వెనకది ఖాళీ. విప్పిన అట్టని మళ్ళీ మడిచి, టేపు తిన్నగా, ముడతలు లేకుండా వేసింది. ఇరవై రెండు ఖాళీ పెట్టెలు. నీళ్ళున్నవి ఏడే ఏడు.

రోడ్‌హౌస్ ఫోనులో జోసెఫాకి చేశాను. మూడు రోజుల్లో సెడూనాకి పెట్టెలు తెప్పించగలనంది. తరవాత అడిగింది.

"మెర్వ్, ఆమె తెమ్మందా, మీరు తెమ్మంటున్నారా?"

"నేను."

"నాకు జూన్‌లోనే చెప్పింది. డాక్టరుతోనూ మాట్లాడింది. నొప్పికి మందులు రాసిచ్చాం, మీ బండి ఫ్రిజ్‌లో పాల వెనక ఉండాలి. మీకంతా తెలుసని చెప్పింది. మీకు తెలియదా?"

ఫోను పెట్టేశాను. అంత మర్యాద తక్కువ పని ఎప్పుడూ చేయలేదు.

క్యాంపర్‌లోకి వెళ్ళి ఖాళీ పెట్టె ఆమె ముందు పడేశాను.

"ఇదేంటి?"

"పెట్టె."

"కోరల్!"

"అరవకు. పక్క బండివాళ్ళు వింటారు." సంచి గొట్టం బిగించి మూత పెట్టింది. తొందరపడలేదు. "నాలుగేళ్ళు మెర్వ్. రోజుకు నాలుగుసార్లు. నేను అలిసిపోయాను. కమిన్స్‌లో ఆపేస్తానంటే నువ్వు ఊరుకోవు. డాక్టర్ల కాళ్ళు పట్టుకుంటావు, నన్ను ఆసుపత్రికి ఈడ్చుకుపోతావు. నీ మొహం చూసి నేను మళ్ళీ ఒప్పేసుకుంటాను."

"నాకు చెప్పకుండా? గ్లెనిస్‌కి చెప్పి?"

"నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది!"

"ఒక్క బస్తా గోధుమలు ఎక్కువైతే పట్టేసేవాడివి. రెండు వందల కిలోలు తగ్గితే కనబడలేదా?"

"మిషన్ పాడైందనుకున్నాను."

"ఏ మిషన్? సైలోలదా? నీ కాటానా?"

బయటికి వచ్చేశాను. ఖాళీ పెట్టెలు ఇరవై రెండూ రోడ్‌హౌస్ చెత్తడబ్బా దగ్గర ఒక్కొక్కటే తొక్కి చదును చేశాను.

ఆగస్టు 11

పొద్దున్నే బండి తూర్పుకి తిప్పాను. సెడూనా మూడు రోజులు. ఆరు పెట్టెలున్నాయి, ఢోకా లేదు. కోరల్ మాట్లాడకుండా వచ్చి ఎక్కింది, బెల్టు పెట్టుకుంది. ఇరవై కిలోమీటర్లు అలాగే పోయాం.

"ఏదైనా అను," అన్నాను.

"నడిపేది నువ్వు. బండి దిగి నడిచిపోయేంత ఓపిక నాకు లేదు. ఎటు తీసుకుపోతే అటు వస్తాను."

తిట్టినా బాగుండేది. ఇంకో పది కిలోమీటర్లు పోయి రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఒక రోడ్ ట్రెయిన్ పోయింది, బండి ఊగింది. అది పోయాక చెప్పాను.

కాటా దగ్గరే తెలుసని చెప్పాను. అంకె పడగానే తెలుసు. రెండు వందల నలభై రెండు కిలోలంటే ఇరవై రెండు పెట్టెలని బ్రాన్‌విన్ టికెట్ చింపేలోగా లెక్క కూడా వేశాను. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక పెట్టెలు మోయక్కర్లేదు, ఇక ఆమె కడుపు ఉబ్బడం, మొహం పాలిపోవడం చూడక్కర్లేదు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే మిషన్ పాడైందన్నాను. ఈ పుస్తకంలో కూడా అదే రాశాను. ఈ పుస్తకం ఎవరు చదువుతారని?

కోరల్ కాసేపు అద్దంలోంచి బయటికి చూసింది.

"ఆ రోజు నువ్వు టికెట్ ఒక్కసారే చూశావు," అంది. "ఎప్పుడూ రెండుసార్లు చూస్తావు. నీకు తెలిసిపోయిందని అప్పుడే అనుకున్నాను. ఏమీ అనలేదుకదా, సరే, ఒప్పుకున్నాడు మా ముసలాడు అనుకున్నాను."

"ఒప్పుకోలేదు. పిరికితనం."

"ఏదైతేనేం. ఇక్కడిదాకా తెచ్చావు."

ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది. డెబ్భై నాలుగేళ్ళవాణ్ణి, జబ్బు మనిషి చేత ఓదార్పించుకున్నాను.

తరవాత బండి తిప్పాను. రోడ్‌హౌస్ దగ్గర ట్రైలర్ మళ్ళీ సర్దాను. ఆరు పెట్టెలు ఇరుసు మీద, నీళ్ళ డబ్బాలు ఇరుసుకి కాస్త ముందు, ఇటూ అటూ సమంగా. కొక్కెం మీద సరిగ్గా పదోవంతు. ఇంత చక్కగా లోడు వేసిన బండిని నా జన్మలో నడపలేదు. 

ఆగస్టు 12

హార్‌గ్రేవ్ సైడింగ్. ఇళ్ళు లేవు. ఎప్పుడో ఎత్తుకుపోయారు. సిమెంటు గచ్చులు మిగిలాయి, తొమ్మిది. చెట్టు లేదు, గుట్ట లేదు, ఎటు చూసినా నేల. కోరల్ అయిదో గచ్చు ఎక్కి నిలబడి "వంటిల్లు ఇది, పడకగది ఇది" అని చూపించింది.

"ఇంత చిన్నదా?" అన్నాను.

"ఏడుగురం ఉండేవాళ్ళం. నువ్వొక్కడివే గొణుక్కుంటూ రెండు గదులు నింపుతావు."

సమాధి చుట్టూ పాత రైలు చెక్కలు పాతి ఉన్నాయి. వాళ్ళమ్మ పోయేనాటికి కోరల్‌కి తొమ్మిదేళ్ళు. సామాన్లు తెచ్చే రైలు వారానికి ఒకటే వచ్చేది, డాక్టరు దానిలోనే రావాలి. ఆ వారం ఆలస్యమైంది. ఈ సంగతి ఇవాళే చెప్పింది.

క్యాంపర్‌ని గచ్చు పక్కనే నిలబెట్టాను.

ఆగస్టు 13

గూడ్సు రైలు పోయింది, రెండు కిలోమీటర్ల పొడవు. కోరల్ కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపింది. డ్రైవరు కూత వేశాడు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆగస్టు 14

ఇంకా మూడున్నాయి. రోజుకు ఒక సంచి మానేస్తే నాలుగు రోజులు వస్తాయి కదా అన్నాను. "బేరాలాడకు మెర్వ్," అంది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అంది.

ఆగస్టు 16

అడగలేదు.

ఆగస్టు 17

ఆఖరి పెట్టె. ఆఖరి సంచి కోరల్ నన్ను వేయమంది. రోడ్‌హౌస్ దగ్గర చొరబడ్డ ఆ సాయంత్రం తప్ప, నాలుగేళ్ళలో ఆ పని జరుగుతుంటే నేను ఒక్కరోజూ గదిలో లేను. పెట్టెలు మోయడం, ఖాళీ సంచులు పారేయడం, అంతవరకే నా వంతు అనుకున్నాను. సంచిని యూట్ అద్దం వెనక ఎండలో పెట్టి వెచ్చబెట్టాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను.

"దొంగలా ఉన్నావు," అంది. "ముందు ఆ బిళ్ళ నొక్కు. మెల్లగా. ఇప్పుడు తిప్పు. కడుపేం పగిలిపోదు, నొక్కు."

 నీళ్ళు దిగాయి, ఎక్కాయి. అరగంట పట్టింది. ఇంత చిన్న పనా, ఇంత పెద్ద పనా, నాకు తెలీదు. రోజుకు నాలుగుసార్లు ఆమె ఒక్కతే చేసుకుంది. నేను పక్కగదిలో రేడియోలో గుర్రప్పందేలు విన్నాను.

"బాగా చేశావు," అంది. నేను ఆ మాటకి తగనివాణ్ణి.

ఆగస్టు 18

టీ తాగింది. ఉప్పేసిన బంగాళదుంపలు అడిగి తింది.

ఆగస్టు 20

కాళ్ళు ఉబ్బాయి. నిద్ర ఎక్కువైంది. ఒళ్ళంతా దురద. తడిగుడ్డతో తుడిచాను.

ఆగస్టు 21

నాతో వాళ్ళమ్మతో మాట్లాడినట్టు మాట్లాడింది. రైలు వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. డాక్టరు దిగాడా అంది. దిగాడన్నాను.

ఆగస్టు 22

పాల వెనక మందు రెండు చుక్కలు నాలుక కింద.

ఆగస్టు 23

"మెర్వ్" అంది. "ఊఁ" అన్నాను. ఇంకేమీ అనలేదు.

ఆగస్టు 24

మందు.

ఆగస్టు 25

పొద్దున ఎండ రాగానే బయట కూర్చోబెట్టమని సైగ చేసింది. దుప్పట్లు చుట్టి గచ్చు మీద కుర్చీలో కూర్చోబెట్టాను. నేను పక్కనే కింద కూర్చున్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరిగింది. ఏడుముప్పావుకి తరవాతి ఊపిరి రాలేదు. ఇంకొకటి వస్తుందేమోనని చాలాసేపు చూశాను.

తొంభై కిలోమీటర్లు పోయి ఫోను చేయాలి. పోలీసులు రావాలి, కాగితాలు రాయాలి. అవన్నీ చేస్తాను. ముందు ఆమెని లోపలికి తీసుకుపోవాలి.

దుప్పట్లు తీసేసి రెండు చేతుల మీద ఎత్తుకున్నాను. వద్దు వద్దంటుంటే చేతులు వాటి పని అవి చేసేశాయి. ముప్ఫై తొమ్మిది. అటూ ఇటూ ఒక్క కిలో తేడా ఉండదు. నా పెళ్ళాన్ని కూడా తూచిన చేతులివి. వీటిని నరుక్కోవాలనిపించింది.

క్యాంపర్ మెట్లెక్కాను. పక్క సర్దే ఉంది. భుజాలు లాగుతున్నాయి. దించబుద్ధి కాలేదు. అలాగే ఎత్తుకుని నిలబడ్డాను.